నాసిక్ ద్రాక్ష తోటలా, రాచకొండ తాటివనమా: ఏది మేలు?

కొండలు ఎక్కాలి, పాత కట్టడాలు చూడాలి, తోటలో కూర్చుని అక్కడి పానీయం రుచి చూడాలి. కోరిక ఇదైతే నల్లగొండ వాళ్లకు రెండు దార్లు. ఒకటి సహ్యాద్రి అంచున ఉన్న నాసిక్. రెండోది మన రాచకొండ. ఫిబ్రవరి రెండింటికీ అనువైన నెలే.

నాసిక్‌లో జనవరి నుంచి మార్చి దాకా ద్రాక్ష కోతలు. 1999లో మొదలైన సూలా అనే వైన్ కంపెనీ వచ్చాక అక్కడ వైన్ తోటలు చూడటమే ఒక టూరిజం అయిపోయింది. టికెట్ కొంటే ద్రాక్ష పిండే దగ్గర్నుంచి పీపాల గది దాకా చూపిస్తారు, చివర్లో నాలుగైదు రకాలు తలా ఒక గుక్క పోస్తారు. కారానికి అలవాటు పడ్డ మన నాలుకకు తెల్ల వైన్ పులుపు కాస్త చప్పగానే అనిపిస్తుంది.

నిజానికి నాసిక్ వెళ్లడానికి వైన్ కంటే పెద్ద కారణం పాండవలేణి గుహలు. గౌతమీపుత్ర శాతకర్ణి గొప్పతనాన్ని తల్లి గౌతమీ బాలశ్రీ చెక్కించిన శాసనం అక్కడే ఉంది. బడిలో బట్టీపట్టిన శాతవాహనులు అక్కడ రాతి మీద కనిపిస్తారు. గోదావరి పుట్టిన త్ర్యంబకం కూడా దగ్గరే. కాకపోతే సికింద్రాబాద్ పోయి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గంటల తరబడి ప్రయాణించాలి. గది, టిక్కెట్లు, టేస్టింగ్ అన్నీ కలిపితే జేబు గట్టిగానే కాలుతుంది.

రాచకొండకు ఆ గోల లేదు. చౌటుప్పల్ దగ్గర హైవే దిగి సంస్థాన్ నారాయణపురం వైపు పోతే చాలు. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని ఇది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. గైడ్ లేడు, హోటల్ లేదు. నీళ్లు, సద్ది మనమే మోసుకుపోవాలి. ఎండ ముదరకముందే ఎక్కి దిగాలి.

దిగాక కల్లు. పొద్దున్నే లొట్టి దించినప్పుడు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులిసి ఘాటెక్కుతుంది. చెట్టు కింద రేకలో తాగుతూ గుడాలు నంజుకుంటే ఆ రుచి ముందు షెనిన్ బ్లాంక్ లాంటి ఏ తెల్ల వైనూ నిలవదని నా పక్షపాతం. అయితే గీసే గౌడన్న కళ్ల ముందు దించింది మాత్రమే తాగాలి. మందు కలిపిన దుకాణం కల్లు జోలికి పోవద్దు. బండి నడిపేవాడు మజ్జిగతో సరిపెట్టుకోవాలి.

దోస్తులతో ఒక్కరోజుకైతే కళ్లు మూసుకుని రాచకొండే. అమ్మానాన్నలతో అయితే నాసిక్. త్ర్యంబకం దర్శనం అంటే చాలు, వాళ్లే ముందు బట్టలు సర్దుకుంటారు. వైన్ తోట సంగతి రైలెక్కాక చెప్పొచ్చు.