మూడు రోజుల గ్రాస్ పోస్టర్ చూసి టికెట్లు కొనేవారికి ఒక హెచ్చరిక

ఈమధ్య విడుదలైన ఒక పెద్ద సినిమాకు, పేరు ఇక్కడ అనవసరం, ఇంటిల్లిపాదికీ ఆరు టికెట్లు కొని రెండున్నర వేలకు పైగా పోగొట్టుకున్నాను. పెద్ద సినిమాలకు ముందుగా బుక్ చేసుకునేవారు నా పొరపాటు చేయకూడదని ఇది రాస్తున్నాను.

విడుదల రోజు మధ్యాహ్నానికే సమీక్షలు వచ్చాయి. నేను చదివినవాటిలో ఒక్కదాని రేటింగూ ఐదుకు రెండున్నర దాటలేదు. అయితే నాలుగో రోజు ఉదయం మూడు రోజుల గ్రాస్ అంటూ వందల కోట్ల అంకెతో పోస్టర్ ఫోనులోకి వచ్చేసరికి, సమీక్షకులకు నచ్చనిదే జనానికి నచ్చుతుందన్న మా బావమరిది సిద్ధాంతాన్ని నమ్మి, సాయంత్రం ఆటకు సీట్లు తీసుకున్నాను. యాప్‌లో మా ముందు రెండు వరుసలూ అమ్ముడైపోయినట్టు బూడిదరంగులో కనిపించాయి. హాలులో చూస్తే అవి చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. ఇంటర్వెల్‌లో మా అత్తగారు "అల్లుడుగారూ, ఇంకా చాలా ఉందా?" అని మెల్లగా అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

నేను తప్పుగా చదివింది ఆ అంకెను. గ్రాస్ అంటే టికెట్లపై వసూలైన మొత్తం. అందులో జీఎస్టీ, థియేటర్ అద్దె కూడా కలిసి ఉంటాయి. అవన్నీ పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేదే షేర్, సినిమా గట్టెక్కిందా లేదా అన్నది తేలేది దానితోనే. పైగా తొలి మూడు రోజుల డబ్బులో ఎక్కువ భాగం సినిమా చూడకముందే కట్టినది: అడ్వాన్స్ బుకింగ్, దొరికిన ప్రతి తెరా, ప్రభుత్వ అనుమతితో పెంచిన రేటు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. కాబట్టి ఆ అంకె ప్రేక్షకుల ఆసక్తిని చెబుతుందే తప్ప వారి తృప్తిని చెప్పదు. 2023 జూన్ 16న వచ్చిన 'ఆదిపురుష్'కు మూడు రోజుల్లో 340 కోట్ల గ్రాస్ అని నిర్మాతలే ప్రకటించారు. సోమవారానికి వసూళ్లు కుప్పకూలాయి, వారం తిరగకముందే ఉత్తరాదిలో టికెట్‌ను 150 రూపాయలకు తగ్గించవలసి వచ్చింది.

అలాగని సమీక్షలను కళ్లు మూసుకుని నమ్మమని అనను. మన వెబ్‌సైట్ల రేటింగులు చాలావరకు రెండుంపావుకూ మూడుంపావుకూ మధ్యనే తిరుగుతాయి, ఆ ఇరుకులో 2.75 అంటే చూడమనో వద్దనో ఎవరికీ తెలియదు. రోజూ సినిమాలు చూసేవారికి కొత్తదనం కావాలి, నెలకొకసారి పిల్లలతో వెళ్లేవారికి హాయిగా గడిచే రెండున్నర గంటలు చాలు. 1975లో 'షోలే'ను తొలి సమీక్షలు తేలిక చేశాయి, అది బొంబాయి మినర్వా థియేటర్‌లో ఐదేళ్లు ఆడింది. 1980లో 'శంకరాభరణం' మొదటి రోజుల్లో హాళ్లు పలుచగా ఉండి, చూసినవారు చెప్పగా చెప్పగా నిండాయి. 2010లో చతికిలపడిన 'ఖలేజా'ను తర్వాత టీవీలో చూసి ముచ్చటపడినవారే 2025 మే నెలలో రీరిలీజ్‌కు ఎగబడ్డారు. తొలివారపు వసూళ్లు తప్పిన సందర్భాలూ ఉన్నాయి, తొలివారపు సమీక్షలు తప్పిన సందర్భాలూ ఉన్నాయి.

అందుచేత నేనిప్పుడు చేసేది ఒక్కటే. అభిమాన హీరో సినిమా అయితే తప్ప సోమవారం సాయంత్రం దాకా ఆగి, మన ఊళ్లోనే రెండు మూడు హాళ్ల సీట్ల పటం యాప్‌లో తెరచి చూస్తాను. సెలవు కాని రోజున సగం నిండినా ఆ సినిమాకు మౌత్ టాక్ ఉన్నట్టే లెక్క. టికెట్ కొన్నాక రద్దు కుదురుతుందా, కుదిరితే ఎంత తిరిగి వస్తుందన్నది డబ్బు కట్టకముందే చదవండి. నా విషయంలో ఏమీ తిరిగి రాలేదు, కన్వీనియన్స్ ఫీజు సహా. పదకొండో రోజున అదే హాలులో అదే వరుస టికెట్ వంద రూపాయలు తక్కువకు కనిపించింది. ఆ వారం గ్రాస్ పోస్టర్ మాత్రం నాకు ఎవరూ పంపలేదు.