ఎన్‌హెచ్ఎల్ 94: బక్కోళ్లదే పైచేయి

పాత సెగా వీడియో గేముల్లో ఇవాళ్టికీ పోటీలు పెట్టుకుని మరీ ఆడేది ఏదంటే, ఐస్ హాకీ తెలిసినవాళ్లు ముందు చెప్పే పేరు ఎన్‌హెచ్ఎల్ 94. ఈఏ స్పోర్ట్స్ 1993లో తెచ్చింది. బొమ్మలు చిన్నవి, మంచు మైదానం పైనుంచి కిందికి నిలువుగా కదులుతుంది, వాడే మీటలు మూడే. అయినా ఇద్దరు కూర్చుంటే రెండు మూడు మ్యాచ్‌లు ఆడందే లేవరు. కాకపోతే ఈ ఆటలో లొసుగులు కావలసినన్ని ఉన్నాయి. ఏది ఆటలో భాగం, ఏది అన్యాయం అన్న గొడవ కూడా ఆటంత పాతదే.

ఐస్ హాకీ కొత్తవాళ్లకు రెండు ముక్కలు. ధ్యాన్‌చంద్ ఆడిన హాకీకీ దీనికీ పోలిక కర్ర దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ జట్టుకు ఐదుగురు, వెనక ఒక గోలీ, అంటే గోల్‌కీపర్. బంతి బదులు పక్ అనే రబ్బరు బిళ్ల. పక్ ఉన్నవాణ్ని ఒంటితో గుద్ది పడగొట్టడం నేరం కాదు, దాన్ని చెక్ అంటారు. ఎన్‌హెచ్ఎల్ అంటే ఉత్తర అమెరికాలో ఈ ఆట ఆడే పెద్ద లీగ్.

ఇదే పేరుతో సెగా జెనెసిస్ కన్సోల్‌కూ సూపర్ నింటెండో కన్సోల్‌కూ ఆట వచ్చింది గానీ, ఆ రెండూ ఒకటి కావు. సూపర్ నింటెండోది విజువల్ కాన్సెప్ట్స్ అనే వేరే సంస్థ చేసింది, చేతికి తగిలే తీరే వేరు. ఈ సమీక్ష జెనెసిస్ ఆట గురించే.

మీటల సంగతి. మన దగ్గర పక్ ఉన్నప్పుడు బి నొక్కితే పాస్, సి నొక్కితే షాట్. సి తట్టి వదిలేస్తే చిన్న షాట్, నొక్కి పట్టుకుంటే కర్ర వెనక్కి లేచి గట్టి దెబ్బ పడుతుంది. పక్ లేనప్పుడు అదే సి వేగం పెంచి గుద్దడానికి, బి ఆటగాణ్ని మార్చుకోవడానికి. 94లో కొత్తగా వచ్చి ఆటనే మార్చేసింది వన్-టైమర్. బితో పాస్ ఇచ్చి, పక్ రెండోవాడికి చేరకముందే సి నొక్కాలి. వాడు పక్‌ను ఆపకుండా వచ్చింది వచ్చినట్టే కొట్టేస్తాడు. గోలీ పక్ వైపు జరుగుతూ ఉంటాడు కాబట్టి, మైదానానికి అడ్డంగా వెళ్లిన పాస్‌కు అంత త్వరగా రెండో పక్కకు చేరలేడు. అందుకే నెట్‌కు ఒక పక్కనుంచి రెండో పక్కకు ఇచ్చే పాస్ మీద వన్-టైమర్ బాగా పడుతుంది, గోలీకి ఎదురుగా నిలువుగా ఇచ్చిన పాస్ మీద పడేది తక్కువ. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే: పాస్ అందాక సి నొక్కడం. అప్పుడది మామూలు షాట్, గోలీ సర్దుకునే ఉంటాడు.

ఇక అసలు వింత. జెనెసిస్ ఆటలో ప్రతి ఆటగాడికీ బరువు అంకె ఉంటుంది. బరువైనవాడు తేలికవాణ్ని పడగొట్టాలని ఉద్దేశం. లెక్క ఎక్కడో తిరగబడి, ఆటలో జరిగేది దీనికి సరిగ్గా ఉల్టా: తేలికవాడే బరువైనవాణ్ని సులువుగా కింద పడేస్తాడు. అభిమానులు దీనికి పెట్టిన పేరు వెయిట్ బగ్. కాల్గరీ జట్టులో థియో ఫ్లూరీ నిజజీవితంలో ఐదడుగుల ఆరంగుళాల మనిషి. ఫిలడెల్ఫియాలో ఎరిక్ లిండ్రోస్ ఆరడుగుల నాలుగంగుళాల కొండ. ఆటలో వాళ్లిద్దరూ ఢీకొంటే చలిచీమల చేత చిక్కిన పామే గుర్తొస్తుంది. ఎవరి బరువెంతో తెలియనివాళ్లు పెద్ద ఒడ్డూ పొడుగూ చూసి డిఫెన్స్‌కు పెట్టుకుంటారు, ఎందుకు పడిపోతున్నారో అర్థంకాక మీటలను తిడతారు.

ఇది అన్యాయమా? కాదు. లొసుగు ఇద్దరికీ ఒకేలా వర్తిస్తుంది. అందరికీ తెలిసిపోయాక అదీ ఒక నియమమే. అయితే తెలిసినవాడు తెలియనివాడికి ముందే చెప్పాలి. చెప్పకుండా ఫ్లూరీని తీసుకుని లిండ్రోస్‌ను అవతలివాడికి అంటగడితే మాత్రం అది ఆట కాదు.

రెండో లొసుగు నెట్ ముందుది. పక్ తీసుకుని గోలీ ముందునుంచి అడ్డంగా దూసుకుపోవాలి. గోలీ మనతోపాటే జరుగుతాడు, ఒక్కోసారి ముందే పడుకుంటాడు. వాడు ఖాళీ చేసిన వైపుకు చివరి క్షణంలో పక్‌ను తోస్తే ఖాళీ నెట్. ఈ సిరీస్‌లో ముందొచ్చిన ఆటల్లో ఇది మరీ తేలిక, 94లో కొంత బిగించారు గానీ పూర్తిగా పోలేదు. దీన్ని నిషేధించాలని పట్టుబట్టేవాళ్లున్నారు. అక్కర్లేదు. నెట్ ముందు అడ్డంగా వెళ్లేవాడు ఒక పక్క పూర్తిగా తెరుచుకునే ఉంటాడు. దగ్గరున్న డిఫెండర్‌తో పక్ వెంట పరిగెత్తకుండా, వాడు వెళ్లబోయే చోటికి ఎదురెళ్లి సి నొక్కండి. మాటిమాటికీ గోల్ తింటున్నారంటే వెనకనుంచి తరుముతున్నారని అర్థం.

అసలు గొడవ పుట్టేది లొసుగుల దగ్గర కాదు, సెట్టింగుల దగ్గర. వాటిని మ్యాచ్‌కు ముందే తేల్చుకోవాలి.

గోలీ ఆటోనా, మాన్యువలా అన్నది మొదటిది. గోలీని చేత్తో నడిపే వీలు 94లోనే వచ్చింది. అలవాటున్నవాడికి అది గోడ, లేనివాడికి గొయ్యి: గోలీ తన చేతిలో ఉన్నాడని మరిచి దిక్కుల మీట నొక్కితే వాడు నెట్ వదిలి షికారుకు పోతాడు. ఇద్దరిలో ఒకరు కొత్తైతే ఆటోనే పెట్టండి.

పెనాల్టీలకు మూడు ఎంపికలు: ఆన్, ఆఫ్, ఆఫ్‌సైడ్ తప్ప మిగతావి ఆన్. పక్ కంటే ముందే అవతలి నెట్ వైపు గీత దాటితే ఆఫ్‌సైడ్. పీరియడ్ 5, 10, 20 నిమిషాలు పెట్టుకోవచ్చు, మ్యాచ్‌కు మూడు పీరియడ్లు. 5 నిమిషాల పీరియడ్‌లో 2 నిమిషాల పెనాల్టీ పడితే, పీరియడ్‌లో నలభై శాతం మనిషి తక్కువతో ఆడాలి. ఒక్క హుకింగ్‌తో, అంటే కర్రతో అవతలివాణ్ని పట్టి లాగిన తప్పుతో, మ్యాచ్ పోవచ్చు. అలాగని ఆఫ్ చేస్తే పక్ లేనివాళ్లను కూడా గుద్దుకుంటూ పోతారు, హాకీ కాస్తా కుస్తీ అవుతుంది. మధ్యస్థంగా ఉండే మూడో ఎంపికే మేలు. కాకపోతే నలుగురు కలిసి ఆడేటప్పుడు ఆఫ్‌సైడ్ కూడా ఉండాలి. లేదంటే ఒకడు పనీపాటా లేకుండా అవతలి నెట్ దగ్గరే కాపు కాస్తాడు.

లైన్ ఛేంజెస్ అంటే అలసిన వరుసను దించి ఇంకో వరుసను దింపడం. దాన్ని ఆఫ్ చేస్తే అలసట ఉండదు, మొదటి ఐదుగురే చివరిదాకా ఆడతారు. లెమ్యూ, యాగర్ లాంటి మేటి ఆటగాళ్లున్న పిట్స్‌బర్గ్‌లాంటి జట్టుకు అది వరం. ఆన్ చేస్తే రెండో వరుస బాగున్న జట్లకు విలువ పెరుగుతుంది. చాలామంది దీన్ని చూడకుండా దాటేస్తారు గానీ, జట్టు ఎంపికంత ముఖ్యమైన సెట్టింగ్ ఇది.

జట్లు 26. ఆటగాళ్ల బలాబలాలకు ఆధారం 1992-93 సీజన్. ఆ ఏడాది 84 మ్యాచ్‌లలో పిట్స్‌బర్గ్ 56 గెలిచింది, ఒట్టావా 10, శాన్ హోజే 11. ఆ తేడా ఆటలోనూ అలాగే ఉంది. షికాగోలో జెరెమీ రోనిక్ ఉన్నాడు కాబట్టి అందరి చెయ్యీ ముందు అటే పోతుంది. ఐస్ హాకీ దిగ్గజం గ్రెట్‌స్కీని పట్టుకుని గెలవడం కంటే రోనిక్‌తో గెలవడం తేలికన్నది ఈ ఆటలో అందరికీ తెలిసిన రహస్యం. న్యాయంగా ఉండాలంటే ఒక పద్ధతుంది: ఒకరు రెండు జట్లు ఎంచాలి, అందులో తనకేది కావాలో రెండోవాళ్లు చెప్పాలి. షికాగో-ఒట్టావా జంటను అప్పుడెవరూ ఎంచరు. ఇంకా తేడా అనిపిస్తే జట్లు మార్చుకుని రెండో మ్యాచ్ ఆడి, రెండింటి గోల్సూ కలపండి. ఒట్టావా-శాన్ హోజే మ్యాచ్ కూడా ఓసారి ఆడి చూడండి, చేతకానివాళ్ల పోరులో ఉండే మజా వేరు.

స్టార్ట్ మీటకు కూడా ఒక కట్టుబాటు కావాలి. అవతలివాడు ఒంటరిగా గోలీ మీదికి దూసుకొస్తుంటే పాజ్ చేయడం పాత దొంగబుద్ధి, లయ తప్పి వన్-టైమర్ పోతుంది. విజిల్ పడ్డాకే పాజ్.

గొడవల మాటొచ్చింది కాబట్టి: ముందు ఏడాది వచ్చిన ఎన్‌హెచ్ఎల్‌పీఏ హాకీ 93లో ఆటగాళ్లు పిడిగుద్దులు గుద్దుకునేవారు, మంచు మీద రక్తం కనిపించేది. లీగ్ ఒప్పుకోకపోవడంతో 94లో రెండూ తీసేశారు. అభిమానులు అప్పట్లో గోలపెట్టారు గానీ, మ్యాచ్ మధ్యలో ఆగకుండా సాగడానికి అదే మంచిదైంది. లోటును కొంత శబ్దం పూడ్చింది. అప్పట్లో శాన్ హోజే జట్టు మ్యాచ్‌లకు ఆర్గన్ వాయించిన డీటర్ రూలే చేత సంగీతం చేయించి, ఊరికో బాణీ పెట్టారు. హార్ట్‌ఫర్డ్ జట్టు 1997లో ఊరే మారిపోయింది, దాని బాణీ బ్రాస్ బొనాంజా మాత్రం ఈ కార్ట్‌రిడ్జ్‌లో ఇంకా మోగుతుంది.

కొనేవాళ్లకు. ఈఏ కార్ట్‌రిడ్జ్‌లు సెగా వాటికంటే పొడుగ్గా ఉంటాయి, ఒక పక్కన పసుపు ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. మామూలు సెగా ఆకారపు కార్ట్‌రిడ్జ్‌లో ఈ ఆట అమెరికా ప్రతి అని అమ్ముతుంటే నకిలీ అనుకోండి. యూరప్ మెగా డ్రైవ్ (జెనెసిస్‌కు అక్కడి పేరు) మీద ఆడితే 50 హెర్ట్జ్ కారణంగా ఆట దాదాపు ఆరో వంతు నెమ్మదిస్తుంది, అమెరికా ప్రతీ అమెరికా కన్సోలే తీసుకోండి. నలుగురు ఆడాలంటే ఈఏ సొంత 4 వే ప్లే అడాప్టర్ కావాలి, సెగా మొదట తెచ్చిన టీమ్ ప్లేయర్ దీనికి పనికిరాదు. గెలుపోటముల రికార్డులు దాచే బ్యాటరీ లోపల టంకం వేసి ఉంటుంది. అది అయిపోతే రికార్డులే పోతాయి, ఆట మామూలుగానే నడుస్తుంది.

2020లో ఈఏ ఆ ఏటి ఆటగాళ్లతో ఎన్‌హెచ్ఎల్ 94 రీవైండ్ చేసి, ఎన్‌హెచ్ఎల్ 21ని ముందుగా కొన్నవాళ్లకు బోనస్‌గా ఇచ్చింది. చూడ్డానికి బాగుంది, కానీ పాత జట్లు లేని 94 సగం ఆటే.

కొత్త టీవీకి కలిపితే గేమ్ మోడ్ తప్పనిసరి. లేదంటే మీట నొక్కినదానికీ తెర మీద కదలికకూ మధ్య వచ్చే ఆలస్యంలో వన్-టైమర్ చచ్చిపోతుంది. ఎమ్యులేటర్ (పాత కన్సోల్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) మీద ఆడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఒకరి చేతిలో వైరు కంట్రోలర్, ఇంకొకరి చేతిలో బ్లూటూత్‌ది ఉండకూడదు. రెండూ వైరువైనా కావాలి, రెండూ బ్లూటూత్‌వైనా కావాలి. అదీ కుదరకపోతే పీరియడ్‌కోసారి కంట్రోలర్లు మార్చుకోండి.