అన్న మాటా, తమ్ముడి మాటా? మెథడిస్టులు ఇంగ్లాండ్ చర్చిని వదిలెయ్యడం మేలేనా?

మా అమ్మమ్మది డోర్నకల్ వైపు, నానమ్మది మెదక్ వైపు. ఇద్దరూ సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళే కానీ ప్రార్థన మొదలెడితే తేడా తెలిసిపోయేది. అమ్మమ్మ ఆరాధన క్రమం పుస్తకం తీసి చదువుతుంది, ఒక్క ముక్క అటూ ఇటూ పోదు. నానమ్మకి పుస్తకంతో పనే లేదు, కళ్ళు మూసుకుందంటే వాడకట్టులో జ్వరమొచ్చిన ప్రతి ఒక్కళ్ళ పేరూ అయ్యేదాకా ఆమెన్ అనదు, ఇవతల కంచంలో అన్నం చల్లారిపోతుంటుంది. ఒకటి ఆంగ్లికన్ (అంటే ఇంగ్లాండ్ చర్చి) అలవాటు, ఇంకోటి అందులోంచి విడిపోయిన మెథడిస్టుల అలవాటు. ఏది మేలు అని నాకు చిన్నప్పటి డౌటు, తీరా చదివితే ఈ పంచాయితీ వెస్లీ అన్నదమ్ముల మధ్యే నడిచిందని తెలిసింది.

మెథడిజం మొదలెట్టిన అన్న జాన్ వెస్లీ, తమ్ముడు చార్లెస్ వెస్లీ ఇద్దరూ ఆంగ్లికన్ పాదిరి కొడుకులు, ఇద్దరూ ఆంగ్లికన్ గురువులే. 1729 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో కొంతమంది కుర్రాళ్ళు టైమ్ ప్రకారం ప్రార్థన, ఉపవాసం, జైల్లో ఖైదీల్ని పలకరించడం ఇలా ఉంటే తోటి స్టూడెంట్లు ఎగతాళిగా అన్న పేరే మెథడిస్ట్. 1738 మే 24 రాత్రి తొమ్మిదికి పావు తక్కువప్పుడు లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో జాన్‌కి గుండె వింతగా వెచ్చబడిందట, టైమ్‌తో సహా డైరీలో రాసుకున్నాడు (ఇందుకే అన్నారు మెథడిస్ట్ అని). తమ్ముడికి అలాంటి అనుభవం మూడు రోజుల ముందే అయిపోయింది.

సిద్ధాంతంలో మేలు కీళ్ళు వెతికితే పెద్దగా ఏం దొరకదు. అమెరికా వాళ్ళ కోసం జాన్ ఆంగ్లికన్ల నమ్మకాల పట్టిక 39 ఆర్టికల్స్‌ని కుదించి 24 చేశాడు, ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే ఎంచి పెట్టాడనే ఆర్టికల్ తీసేశాడు, మిగతాదంతా దాదాపు పాత సరుకే.

అసలు తేడా మనుషుల్ని పట్టించుకునే తీరులో ఉంది. ఆంగ్లికన్ పద్ధతి పారిష్ పద్ధతి, ఊరికో గుడి, గుడికో పాదిరి. అయితే బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్‌లో బొగ్గు గని కూలీలు వేలల్లో చేరారు, కొత్త పారిష్ కావాలంటే పార్లమెంటు చట్టం చెయ్యాలి, అప్పటిదాకా వాళ్ళ గోడు వినేదెవరు? 1739లో తోటి ప్రసంగీకుడు వైట్‌ఫీల్డ్ పిలిస్తే జాన్ వెళ్ళి బయట నిలబడి ప్రసంగించాడు, మొదట్లో ఆయనకే అది మర్యాద తక్కువ పనిగా అనిపించింది. 1742లో సొంతూరు ఎప్‌వర్త్‌లో, తండ్రి దాదాపు 40 ఏళ్ళు చేసిన గుళ్ళో పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కనివ్వకపోతే వెళ్ళి తండ్రి సమాధి రాయి మీద నిలబడి చెప్పాడు.

అదే ఏడాది, బ్రిస్టల్‌లో అంతకుముందు కట్టిన బిల్డింగ్ అప్పు ఎలా తీర్చాలా అని కూర్చుంటే ఒక మాజీ కెప్టెన్ ఐడియా ఇచ్చాడు, తలా వారానికో పెన్నీ ఇద్దాం అని. పేదోళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారు అన్నారెవరో. నాకో పదకొండు మందిని అప్పగించండి, ఇవ్వగలిగితే తీసుకుంటా లేకపోతే నేనే వేస్తా అన్నాడాయన. అలా పెన్నీ కోసం ఇంటింటికీ తిరుగుతుంటే ఫలానా ఆయన తాగుతున్నాడు, ఫలానా ఇంట్లో గొడవలు అని తెలియడం మొదలైంది, అప్పు కోసం మొదలైన లెక్క కాస్తా పన్నెండు మంది కూర్చుని నీ ఆత్మ ఎలా ఉంది అని ఒకళ్ళనొకళ్ళు అడిగే క్లాస్ మీటింగ్ అయింది. నాకు మెథడిజంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. డిసెంబర్ 31న మనం కూర్చునే వాచ్ నైట్ కూడా మెథడిస్టులు బాగా వాడుకలోకి తెచ్చిందే, శనివారం రాత్రులు సారా కొట్లో గడిపే కింగ్స్‌వుడ్ కూలీలు ఆ టైమ్‌ని ప్రార్థనకి మార్చుకున్నారు.

ఇంతవరకూ అంతా ఆంగ్లికన్ చర్చి లోపలే. మన కూటాలు గుడి టైమ్‌లో పెట్టొద్దు, సంస్కారం (ప్రభు భోజనం) గుళ్ళోనే తీసుకోండి అని జాన్ గట్టిగా చెప్పేవాడు. చిక్కంతా అమెరికాతో వచ్చింది, అక్కడ స్వాతంత్ర్య యుద్ధం అయ్యేసరికి ఆంగ్లికన్ పాదిర్లు చాలామంది వెళ్ళిపోయారు, పిల్లలకి బాప్తిస్మం ఇచ్చేవాడు లేడు. అంతకుముందే లండన్ బిషప్‌ని, ఒకర్ని గురువుగా అభిషేకించి పంపమని జాన్ అడిగితే ఆయన కుదరదన్నాడు. 1784 సెప్టెంబర్‌లో బ్రిస్టల్‌లో జాన్ తనే ఇద్దర్ని అభిషేకించేశాడు, అప్పటికే గురువైన థామస్ కోక్ మీద చేతులుంచి సూపరింటెండెంట్‌ని (దాదాపు బిషప్‌ లాంటి పని) చేశాడు. చార్లెస్ అదే ఊళ్ళో ఉన్నాడు, ఒక్క మాట చెప్పలేదు! తెలిశాక తమ్ముడు మండిపడి పద్యం కట్టాడు, కోక్ మీద వెస్లీ చేతులుంచాడు సరే, వెస్లీ మీద ఎవరుంచారు అని.

రూల్ ప్రకారం చూస్తే చార్లెస్‌దే రైటు, బిషప్ కానివాడు అభిషేకం చేస్తే ఆంగ్లికన్ లెక్కలో అది విడిపోవడమే, జాన్ మాత్రం నేను విడిపోలేదనే చివరిదాకా అన్నాడు, అది కాస్త తొండే. కానీ నన్ను ఓటెయ్యమంటే జాన్‌కే వేస్తా, పిల్లని ఎత్తుకుని బాప్తిస్మం కోసం ఎదురుచూసే తల్లికి బిషప్ ఫైలు కదిలేదాకా ఆగమని చెప్పలేం కదా. చార్లెస్ 1788లో పోయాడు, పారిష్ గుడి ఆవరణలోనే పాతిపెట్టమన్నాడు. జాన్ 1791లో పోతే లండన్ సిటీ రోడ్‌లో సొంత చాపెల్ (మెథడిస్టుల గుడి) వెనక పెట్టారు. 1795 ఒప్పందంతో చాపెళ్ళలోనే సంస్కారం ఇచ్చుకోవచ్చన్నారు, అక్కడితో ఇంగ్లాండ్‌లో కూడా తెగిపోయినట్టే.

ఆరాధనకి మాత్రం ఇప్పటికీ నా ఓటు అమ్మమ్మ పుస్తకానికే, అయ్యగారికి ఆ రోజు మూడ్ బాగోకపోయినా ఆరాధన పాడవదు. సోమవారం నుంచి శనివారం దాకా మాత్రం నానమ్మ పద్ధతే.

ఇంగ్లాండ్‌లో ఈ రెండు చర్చిలూ కలుద్దామని 1969లో, 1972లో ట్రై చేస్తే ఆంగ్లికన్ల వైపు ఓట్లు చాల్లేదు. మన దగ్గర 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో డోర్నకల్ ఆంగ్లికన్లూ మెదక్ మెథడిస్టులూ ఇంకా కొందరూ కలిసి సీఎస్ఐ అయిపోయారు. ఇకమీద బిషప్పే అభిషేకిస్తాడు అని చార్లెస్ మాట నిలబెట్టారు, అప్పటికే ఉన్న మెథడిస్ట్ గురువులకి మళ్ళీ అభిషేకం అక్కర్లేదు అని జాన్ మాటా నిలబెట్టారు. అమెరికన్ మెథడిస్టులు చేరలేదు, అందుకే హైదరాబాద్‌లో సీఎస్ఐ వెస్లీ చర్చి వేరు, మెథడిస్ట్ చర్చి వేరు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు కూడా చాలామంది అప్పుడు రాలేదు, చార్లెస్ బతికుంటే వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చునేవాడని నా అనుమానం.