ఆవిర్లకు ఎస్ట్రడయోల్ జెల్, అరికాళ్ల మంటకు మిరప ఆయింట్‌మెంట్: ఏది ఎంతవరకు పనిచేస్తుంది?

విజయవాడ సూర్యారావుపేటలోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా మందుల షాపుకు వచ్చే నడివయసు ఆడవాళ్లు రెండు వేర్వేరు బాధలను ఒకే మాటలో చెబుతారు: "ఒళ్లంతా మంటలండీ." ఛాతీలో మొదలై మెడకీ ముఖానికీ ఎగబాకి, కొద్ది నిమిషాల్లో చెమట పట్టించి పోయేది ఆవిరి. ముట్లుడిగే వయసులో ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే చోటు గాడి తప్పడం వల్ల అది వస్తుంది. రాత్రి పడుకున్నాక అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు, నిప్పులు తొక్కినట్టు ఉండేది నరాల బాధ. మొదటిదానికి హార్మోన్‌ను మించిన మందు లేదు. రెండోదానికి హార్మోన్ మందు కాదు. ఈ తేడా చూసుకోకుండా కొంటే డబ్బూ పోతుంది, మంచి మందు మీద నమ్మకమూ పోతుంది.

జెల్ సంగతి ముందు చూద్దాం. ఎస్ట్రడయోల్ అంటే ఈస్ట్రోజెన్‌లో ఒక రకం. దాని 0.06 శాతం జెల్ రంగు లేకుండా, చల్లగా, స్పిరిట్ వాసనతో ఉంటుంది. పంపు సీసా అయితే ఒక్క నొక్కుకు 1.25 గ్రాముల జెల్ వస్తుంది, అందులో మందు 0.75 మిల్లీగ్రాములు. కొత్త సీసాలో మొదటి ఒకటి రెండు నొక్కులు సరిగా రావు, వాటిని పారేయాలి. ట్యూబు అయితే దాంతో వచ్చే కొలత పట్టీ మీద గీత దాకా పిండాలి. ఆ పట్టీని అవతల పడేసి వేలి మీద అందాజుగా పిండుకుంటే ఒకరోజు మందు ఎక్కువై రొమ్ములు సలుపుతాయి, ఇంకోరోజు చాలక ఆవిర్లు మళ్లీ వస్తాయి. మామూలుగా రోజుకు 1.25 గ్రాములతోనో 2.5 గ్రాములతోనో మొదలుపెడతారు. రోజుకు 2.5 గ్రాములైతే 80 గ్రాముల ట్యూబు 32 రోజులు రావాలి. ఇరవై రోజులకే ఖాళీ అయిందంటే కొలత తప్పుతోందన్నమాట.

రాసుకునే పద్ధతి మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. ఒళ్లు పూర్తిగా తుడుచుకుని, చేతికి బయటివైపు మోచేతి నుంచి భుజం దాకా పలుచగా పరచాలి. గట్టిగా రుద్దక్కర్లేదు. రొమ్ముల మీద అసలు రాయకూడదు. కనీసం 5 నిమిషాలు ఆరాకే జాకెట్టు వేసుకోవాలి, గంట దాకా అక్కడ నీళ్లు తగలకూడదు. అంతకుముందే కొబ్బరినూనె, పసుపు, లోషన్ లాంటివి పూసి ఉంటే మందు సరిగా ఇంకదు. రోహిణి కార్తెలో బెజవాడ సంగతి తెలిసిందే, ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆగదు. జెల్ ఆరేలోపు చెమట కారితే మందంతా బట్టకే పోతుంది. ఆ నెలల్లో పొద్దున స్నానం తర్వాత కన్నా రాత్రి పడుకునే ముందు రాసుకోవడం మేలు. ఇందులో ఉన్నది స్పిరిట్ కాబట్టి ఆరకముందే దేవుడి దగ్గర దీపం వెలిగించడం, స్టవ్ దగ్గరికి వెళ్లడం ప్రమాదం. రాసిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ చోటు మనవలకు తగలకుండా బట్ట కప్పి ఉంచాలి, హార్మోన్ పిల్లల ఒంట్లోకీ వెళ్తుంది.

ఆవిర్లు తగ్గుతున్న సంగతి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తెలుస్తుంది, పూర్తి ఫలితానికి మూడు నెలలు చూడాలి. వారానికే "పని చేయలేదు" అని మానేసేవారు ఎక్కువ, అది తొందరపాటు.

గర్భసంచి ఉన్నవాళ్లు జెల్ ఒక్కటే వాడకూడదు. ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను పెంచుతూ పోతుంది, ఏళ్ల తరబడి అలా వదిలేస్తే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. దానికి తోడు ఆ పొరను అదుపులో ఉంచే మరో హార్మోన్, మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ ఉండాలి: రోజూ రాత్రి 100 మిల్లీగ్రాములు, లేదా నెలకు 12 రాత్రులు 200 మిల్లీగ్రాములు. దాంతో మత్తు వస్తుంది, అందుకే పడుకునేటప్పుడే వేసుకోవాలి. నిద్ర పట్టనివాళ్లకు ఆ మత్తే మేలు చేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కొద్దిగా రక్తం కనిపించవచ్చు. ఆ తర్వాతా కనిపిస్తే, లేదా ఆగిపోయి మళ్లీ మొదలైతే స్కానింగ్ తప్పదు.

గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లకు మామూలుగా ప్రొజెస్టిరాన్ అక్కర్లేదు. మన రాష్ట్రంలో వీళ్ల సంఖ్య చిన్నదేమీ కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. నలభై అయినా నిండకుండా అండాశయాలు కూడా పోయిన మనిషికి ఆవిర్లతోపాటు ఎముకల నష్టమూ ముందే మొదలవుతుంది. ఆమెను "ఓర్చుకోమ్మా, అందరికీ ఉండేదే" అని పంపేయడం అన్యాయం. ఆమెకు హార్మోన్ ఎందుకు ఇవ్వడం లేదో డాక్టరును అడగాలి.

హార్మోన్ అనగానే క్యాన్సర్ భయం రావడానికి 2002లో బయటికొచ్చిన అమెరికా అధ్యయనం, విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్, పెద్ద కారణం. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. వాళ్లకిచ్చినవి గుర్రపు మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే కృత్రిమ ప్రొజెస్టిన్ కలిసిన మాత్రలు. అరవై దాటకముందు, ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు సాధారణంగా లాభమే ఎక్కువ. చర్మం గుండా వెళ్లే జెల్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రలకన్నా తక్కువ. అయినా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, కాలిలో రక్తం గడ్డకట్టినవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా ముట్టుకోకూడదు.

ఇక అరికాళ్లు. ముందు నాలుగు రక్తపరీక్షలు చేయించాలి: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), విటమిన్ బీ12, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు). ఈ వయసులో షుగరు తరచుగా కాళ్ల మంటలతోనే బయటపడుతుంది. మాంసం ముట్టనివాళ్లకూ, ఏళ్ల తరబడి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకూ బీ12 పడిపోతుంది. అదే మంట అరచేతుల్లో, బొటనవేలి వైపు వేళ్లలో రాత్రిపూట ఎక్కువైతే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండవచ్చు, దానికి రాత్రి పట్టీ కట్టుకోవడమే సగం వైద్యం.

పూత మందుల్లో క్యాప్సైసిన్ ఆయింట్‌మెంట్‌కు మంచి మార్కులే ఇవ్వాలి. మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థమే అది. నొప్పి, వేడి కబురు మోసే నరం కొసలను ముందు రేపి, తర్వాత మొద్దుబారుస్తుంది. 0.025, 0.075 శాతాల్లో దొరుకుతుంది, నరాలకు రెండోది నయం. రోజుకు మూడు నాలుగు సార్లు, రెండు నుంచి నాలుగు వారాలు విడవకుండా రాయాలి. మొదటివారం మంట పెరుగుతుంది, అందుకే చాలామంది మూడోరోజే పక్కన పెట్టేస్తారు. నిజానికి రోజుకొకసారి రాస్తే ఆ మంట తగ్గదు, రోజూ కొత్తగానే ఉంటుంది. వేడినీళ్ల స్నానానికి ముందూ వెనకా రాయకూడదు, పైన బిగించి కట్టకూడదు, పగిలిన మడమల మీద రాయకూడదు. రాసిన చేతితో కళ్లు నలిపితే ఏమవుతుందో మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

"గుంటూరులో ఉండి మిరపకు ట్యూబు కొనాలా?" అని నూనెలో కారం కాచి రాసేవాళ్లున్నారు. గుంటూరు సన్నం ఘాటు దాదాపు 35,000 స్కోవిల్ యూనిట్లు (మిరప ఘాటును కొలిచే లెక్క). అంటే ఒక గ్రాము ఎండు కారంలో సుమారు 2.2 మిల్లీగ్రాముల ఘాటు పదార్థం. 0.075 శాతం ఆయింట్‌మెంట్ గ్రాములో ఉండేది 0.75 మిల్లీగ్రాములే. తేజ రకమైతే ఇంకా రెట్టింపు. కాచిన నూనెలోకి ఎంత దిగిందో కొలిచే దారి ఇంట్లో లేదు. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బలు లేచినా తెలియదు. ఈ ఒక్క చిట్కా మాత్రం వద్దు.

షాపుల్లో అడగగానే చేతిలో పెట్టే ప్రీగాబాలిన్ (నరాల నొప్పి మందు), మిథైల్‌కోబాలమిన్ (బీ12లో ఒక రకం) కలిపిన బిళ్ల మంచిదే గానీ చీటీ లేకుండా వాడేది కాదు. తల తిరుగుతుంది, పాదాలు వాస్తాయి, బరువు పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి, ఒక్కసారిగా ఆపకూడదు. స్ట్రిప్పు వెనక విటమిన్ బీ6 ఎంతుందో కూడా చూడాలి. ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే బీ6 తానే నరాలను పాడుచేస్తుంది. హార్మోన్ పనికిరానివాళ్లకు ఆవిర్లూ కాళ్ల మంటలూ రెండూ ఉంటే డాక్టరుతో గాబాపెంటిన్ అనే నరాల మందు గురించి మాట్లాడాలి. రాత్రి 300 మిల్లీగ్రాములతో మొదలయ్యే ఈ ఒక్క మందు రెండింటికీ పనికొస్తుంది.

వంటింటి చిట్కాల్లో అవిసె గింజలు మలబద్ధకానికి భేష్, ఆవిర్లకు వాటిని నమ్ముకోనక్కర్లేదు. సోయా కొందరికి కాస్త తగ్గిస్తుంది. మెంతులు షుగరు మాత్రలతో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు. నువ్వులనూనె మర్దన హాయిగా ఉంటుంది, వేళ్ల సందుల్లో మాత్రం నూనె నిలవకూడదు. వేడి ఇటుక కాపడం, మరిగే నీళ్లలో కాళ్లు పెట్టడం షుగరున్నవాళ్లు మానేయాలి. కుండనీళ్లంత చల్లని నీళ్లలో పది నిమిషాలు పాదాలుంచి, వేళ్ల మధ్య పొడిగా తుడుచుకుని పడుకుంటే రాత్రి మంట కొంత సర్దుకుంటుంది. ఐసు మాత్రం వేయకూడదు.