ఏడెనిమిదేళ్లు వాడాక చెప్తున్నా: ఐస్‌మేకర్ మొరాయిస్తే ముందు నీళ్ల సంగతి చూడండి

డాలస్ దగ్గర మేం ఇల్లు కొన్నప్పుడే ఈ సైడ్ బై సైడ్ ఫ్రిజ్ తీసుకున్నాం. ఎడమవైపు ఫ్రీజర్, కుడివైపు ఫ్రిజ్, ఫ్రీజర్ తలుపులోంచి నీళ్లూ ఐసూ ఇచ్చే డిస్పెన్సర్. ఏడెనిమిదేళ్లు దాటినా చల్లదనానికి వంక పెట్టే పని లేదు. కూరగాయలు వాడిపోవు, పాలు విరగవు, కంప్రెసర్ ఇప్పటిదాకా చప్పుడైనా చేయలేదు. వచ్చిన తిప్పలన్నీ ఐస్‌మేకర్‌తోనే. అందుకే ఈ సమీక్ష చాలావరకు దాని గురించే.

ఫ్రీజర్ పై భాగంలో ఉండే ఆ పెట్టె పనితీరు ఒకసారి అర్థమైతే సగం రిపేర్ అయిపోయినట్టే. అచ్చులో నీళ్లు నిండుతాయి, గడ్డకడతాయి. అచ్చు దాదాపు మైనస్ 8 డిగ్రీల సెల్సియస్‌కి చేరగానే లోపలి థర్మోస్టాట్ మోటార్‌ని నడిపిస్తుంది. అడుగున ఉన్న హీటర్ ఐస్ ముక్కల్ని కాస్త వదులు చేస్తుంది, రెక్కలు తిరిగి వాటిని కింది డబ్బాలోకి తోస్తాయి. ఆ చుట్టు చివర్లో ఫ్రిజ్ వెనకున్న నీళ్ల వాల్వ్ ఏడు సెకన్ల పైచిలుకు తెరుచుకుంటుంది. మళ్లీ అచ్చు నిండుతుంది.

అసలు కిటుకంతా ఆ ఏడు సెకన్లలోనే ఉంది. నీళ్లు ఎన్ని వచ్చాయో ఈ మెషీన్ కొలవదు. అసలు వచ్చాయో లేదో కూడా దానికి తెలియదు. టైం ప్రకారం వాల్వ్ తెరవమంటుంది, మూయమంటుంది, అంతే. పైపులో ప్రెషర్ బాగుంటే అచ్చు నిండుతుంది, లేకపోతే సగమే. ఐస్ ముక్కలు పల్చగా, బోలుగా వస్తున్నాయంటే నీళ్లు చాలడం లేదని అర్థం. మా ఇంట్లో కూడా మొదట కనిపించింది అదే. ముక్క పైకి బాగానే ఉండేది, మజ్జిగలో వేస్తే లోపలి డొల్ల బయటపడేది. కొన్నాళ్లకు అవీ ఆగిపోయాయి.

హోమ్ వారంటీ (ఇంట్లో సామాను పాడైతే బాగుచేయించే ఒప్పందం) వాళ్లకి ఫోన్ చేస్తే ఒక టెక్నీషియన్‌ని పంపారు. ఆయన ఫ్రీజర్ తలుపు తీసి, ఐస్‌మేకర్ పోయిందని తేల్చి, మొత్తం అసెంబ్లీ మార్చి వెళ్లాడు. ఫ్రిజ్‌ని గోడ నుంచి ముందుకు లాగి వెనక ఏముందో చూడనేలేదు. కొత్తది పెట్టాక ఐస్ వచ్చింది, మేమూ సంతోషించాం. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. ఫ్రీజర్ తలుపు అంతసేపు బార్లా తెరిచి ఉంచాడు కాబట్టి ఐస్‌మేకర్‌కి నీళ్లు తెచ్చే వెనక గొట్టంలో ఇరుక్కున్న ఐస్ కరిగి ఉంటుంది. పడిన కొద్ది రోజుల ఐస్ దాని పుణ్యమే. పాత ఐస్‌మేకర్‌లో ఏ లోపమూ లేదని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

ఇక మా ఆయన, "కొత్త ఫ్రిజ్ తీసుకుందాం, ఈ పోరు పడలేం" అన్నారు. "నీళ్లే రాకపోతే కొత్తదైనా ఏం చేస్తుందండీ?" అని ఆ శనివారం దీని పని పట్టాను.

ముందుగా ప్లగ్ తీసేశాను. ఇది ఎవరూ మరిచిపోకూడని సంగతి. ఇక్కడ ఉండేది 120 వోల్టులే అయినా తడి చేతులతో పరాచికాలు పనికిరావు. ఫ్రీజర్ వెనక గోడలోంచి ఐస్‌మేకర్‌లోకి దిగే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. వేలు పెట్టి తడిమితే దాని నోటి నిండా ఐస్. పిల్లలకు సిరప్ పట్టే సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కూర్చున్నాను, కింద ఒక టవల్ పరిచి. హెయిర్ డ్రయ్యర్ కూడా పనిచేస్తుంది కానీ దాన్ని తక్కువ వేడి మీదే పెట్టాలి, ఒకేచోట ఆపితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కాసేపటికి చాక్‌పీస్ లాంటి ఐస్ కడ్డీ జారి నా చేతిలో పడింది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాలుగు రోజులు ఐస్ వస్తుంది, మళ్లీ ఆగుతుంది. గొట్టం ఎందుకు గడ్డకట్టిందో కూడా చూడాలి. ఈ వాల్వ్ గట్టిగా మూసుకోవాలంటే నీళ్ల ప్రెషరే దాన్ని నొక్కిపట్టాలి. సాధారణంగా కనీసం 20 పీఎస్‌ఐ (ప్రెషర్‌ని కొలిచే లెక్క) కావాలంటారు. అంతకంటే తగ్గితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, చుక్కలు కారుతూనే ఉంటాయి. ఆ చుక్కలే గొట్టంలో పేరుకుని గడ్డకడతాయి. అచ్చు సగమే నిండడానికీ గొట్టం పూడుకుపోవడానికీ కారణం ఒకటే.

దాన్ని తేల్చుకోవడం తేలిక. ఫ్రిజ్ ముందుకు లాగి, నీళ్లు కట్టేసి, వాల్వ్‌కి వచ్చే పావు అంగుళం పైపు విప్పి బకెట్‌లో పెట్టాను. కుళాయి తిప్పితే ధార దూకాలి. మాకు వచ్చింది సన్నటి దారం. అంటే ఫ్రిజ్‌లోకి చేరకముందే నీళ్లు ఎక్కడో ఆగుతున్నాయి. వెతుక్కుంటూ పోతే కిచెన్ సింక్ కింద చల్లనీళ్ల పైపుకు బిగించిన సాడిల్ వాల్వ్ కనిపించింది. మాది 1980ల నాటి ఇల్లు, అప్పట్లో ఇవి మామూలే. పైపు కోయకుండా ఒక సూదితో చిన్న బెజ్జం పొడిచి నీళ్లు లాగే ఏర్పాటు ఇది. ఆ బెజ్జం ఎంతని! మా నీళ్లలో సున్నం ఎక్కువ, కుళాయిల మీద తెల్లగా పేరుకోవడం రోజూ చూస్తూనే ఉంటాం. ఆ బెజ్జమూ అలాగే పూడిపోయింది.

పైపు కోసే పని నేను పెట్టుకోలేదు. ప్లంబర్ వచ్చి సాడిల్ వాల్వ్ తీసేసి, పైపుని రెండుగా చీల్చే టీ జాయింట్ వేసి, పావు చుట్టు తిప్పితే చాలే బాల్ వాల్వ్ పెట్టాడు. పని గంటలోపే. మళ్లీ బకెట్ పెట్టి చూస్తే ధార అంచుకు కొట్టింది. ఆ తర్వాత నుంచి గొట్టం గడ్డకట్టలేదు.

అన్ని ఇళ్లలోనూ ఇదే కారణం ఉండాలని లేదు. ఫ్రిజ్‌లో ఉండే నీళ్ల ఫిల్టర్ పూడినా ఇలాగే అవుతుంది. చాలా ఫ్రిజ్‌లకి ఫిల్టర్ బదులు పెట్టుకునే బైపాస్ ప్లగ్ ఇస్తారు. అది పెట్టి చూస్తే దోషం ఫిల్టర్‌దో కాదో తేలుతుంది. ఫిల్టర్ ఆరు నెలలకోసారి మార్చమంటారు, నేను మార్చేస్తాను. మార్చాక రెండు మూడు గాలన్ల నీళ్లు వదిలేయాలి, లేకపోతే గాలి బుడగలతో డిస్పెన్సర్ తుమ్ముతుంది. ఇక మనవాళ్లలో చాలామంది సింక్ కింద ఆర్‌ఓ పెట్టించి, దాని పైపునే ఫ్రిజ్‌కి కలుపుతారు. ఆర్‌ఓ ట్యాంక్ నుంచి వచ్చే ప్రెషర్ అసలే అంతంత మాత్రం, పైగా ఫ్రిజ్‌లోనూ ఫిల్టర్ ఉంటే ఇంకా పడిపోతుంది. అలాంటప్పుడు ఫ్రిజ్ ఫిల్టర్ తీసేసి బైపాస్ పెట్టుకోవడమే మేలు.

ఇంకో రెండు తనిఖీలకు పైసా ఖర్చు లేదు. ఐస్ డబ్బా మీదకు వాలి ఉండే తీగలాంటి చెయ్యి పైకి లేచి ఉంటే డబ్బా నిండిందనుకుని మెషీన్ ఆగిపోతుంది. మన ఫ్రీజర్లలో కొబ్బరి తురుము, ములక్కాడలు, గోంగూర, ఊరి నుంచి వచ్చిన పొడులు, చేపల కవర్లు, ఏవి ఉండవు గనక! ఏదో ఒక కవర్ ఆ చేతిని పైకి నెట్టడం మామూలే. గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా సామాను కుక్కినా పై భాగం చల్లబడదు, ఐస్ మెల్లగా తయారవుతుంది. ఫ్రీజర్ జీరో ఫారెన్‌హీట్‌లో, అంటే మైనస్ 18 సెల్సియస్‌లో ఉండాలి. డిస్‌ప్లే అంకెను నమ్మకుండా లోపల ఒక చిన్న థర్మామీటర్ పెట్టుకోండి. ఐస్‌కి గోంగూర, చేపల వాసన పడుతోందంటే అది మెషీన్ తప్పు కాదు. మూతలు బిగించి, పాత ఐస్ పారబోస్తే సరిపోతుంది.

2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు మా ఐస్ డబ్బాలో ముక్కలు సగం కరిగి, కరెంటు వచ్చాక ఒకే దిమ్మగా బిగుసుకున్నాయి. మీట నొక్కితే మోటార్ గుర్రుమనడమే తప్ప ముక్క పడలేదు. అలాంటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, డబ్బా బయటికి లాగి సింక్‌లో పెట్టి వేడినీళ్లు పోయండి. ఫోర్ట్‌వర్త్‌లో కొన్ని చోట్ల, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో నీళ్లు కాచుకుని తాగమన్నారు అప్పుడు. అలాంటి నోటీసు ఎత్తేశాక ఉన్న ఐస్ పారేసి, ఫిల్టర్ మార్చి, తర్వాత వచ్చే మొదటి కొన్ని విడతల ఐస్ కూడా పారేయాలి.

ఫ్రిజ్‌కి ఐదులో నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ ఐస్‌మేకర్ వల్ల కాదు, ఫిల్టర్ల ధర వల్ల. కొత్తగా కొనేవాళ్లకు నా సలహా, ఐస్‌మేకర్ ఫ్రీజర్‌లోనే ఉన్న మోడల్ చూసుకోండి. ఫ్రెంచ్ డోర్ మోడళ్లలో కొన్నింటికి దాన్ని కింది ఫ్రీజర్‌లో కాక పైన ఫ్రిజ్ భాగంలో వేరే గదిలా పెడతారు. చుట్టూ వెచ్చని గాలి, మధ్యలో గడ్డకట్టే చలి. ఆ గది సీల్ కాస్త వదులైనా లోపల మంచు పేరుకుంటుంది. అందం కావాలంటే అవి కొనుక్కోండి, కాకపోతే రిపేర్‌కి సిద్ధపడి కొనండి. మాదాన్ని ఇప్పట్లో మార్చే ఉద్దేశం లేదు.