బోర్డోనా, బర్గండీనా: సూట్‌కేసులో రెండు సీసాలకే చోటుంటే

నేను ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి హైదరాబాద్ బయల్దేరే ముందు ప్రతిసారీ మా బావ అడిగేది ఒక్కటే: "ఈసారి ఏం తెస్తున్నావ్ బామ్మర్దీ? బోర్డోనా, బర్గండీనా?" రెండూ ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుపడ్డ ప్రాంతాలు. ఆయనొక్కడే అయితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు ఆయన ఆఫీసు స్నేహితులు, నా పాత రూమ్మేట్లు, మందు వాసనే పడని మా బాబాయి కూడా (ఎవరికో బహుమతి ఇవ్వాలట) ఇదే అడుగుతున్నారు. ఇండియాకి సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చేది మనిషికి 2 లీటర్ల మద్యం. వైన్ సీసా 750 మిల్లీలీటర్లు. రెండు సీసాలు సరిపోతాయి, మూడోది పెడితే లెక్క దాటుతుంది. అందుకని కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని జవాబు చెప్పాల్సి వస్తోంది.

బోర్డో ఎరుపు అంటే కాబర్నే సోవిన్యాన్, మెర్లో వగైరా ద్రాక్షలు కలిపి చేసేదని, బర్గండీ ఎరుపు అంటే దాదాపుగా పినో నోవార్ ఒక్కటేనని ఇది చదివేవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకటి చిక్కన, ఒకటి పలచన. ఒకటి నాలుక్కి వగరుగా పట్టేస్తుంది, ఇంకోటి జారిపోతుంది. ఇవన్నీ నిజమే గానీ, వీటిని బట్టి నేను ఎంచుకోను. సీసా మీద రాసిన పరువు ఎవరిది అన్నది నేను చూస్తాను. బోర్డోలో, ముఖ్యంగా అక్కడి మెడోక్ భాగంలో, పరువు ఇంటిది. బర్గండీలో చేనుది.

1855లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు మూడో నెపోలియన్ ప్రభుత్వం బోర్డో వైన్లకి ఒక వరస కావాలంది. అక్కడి దళారులు కూర్చుని, ఏ షాతో (వైన్ చేసే ఇల్లు, దాని తోటతో సహా) వైన్ ఎంతకి అమ్ముడుపోతోందో చూసి ఐదు తరగతులు కట్టారు. రుచి పోటీ ఏమీ పెట్టలేదు, ధరల పట్టీ చూశారు అంతే. మొదటి తరగతిలో లఫీత్, లతూర్, మార్గో, ఓ-బ్రియోన్ నిలిచాయి. తర్వాత ఆ తరగతిలోకి ఎక్కింది ఒక్క మూతోన్ రోత్‌షీల్డ్, అదీ 1973లో. తరగతి షాతో పేరుకి కట్టారు కాబట్టి, ఆ షాతో రేపు అదే ఊరి పరిధిలో పక్కవాడి తోట కొనుక్కుంటే ఆ ద్రాక్షతో చేసిన వైన్ కూడా అదే హోదాలో సీసాకెక్కవచ్చు. కొన్న చేనుకి రాత్రికి రాత్రే ఇంటిపేరు మారిపోయినట్టు.

ఇలా అన్నానని బోర్డోలో నేలకి విలువ లేదని కాదు. జిరోండ్ నది ఒడ్డున పొయాక్ దగ్గర తోటల్లో నడిస్తే కాలి కింద మట్టి కంటే గులకరాళ్ళే ఎక్కువ. ఆ దిబ్బల మీద నీరు నిలవదు, వేరు లోతుకి వెళ్ళక తప్పదు. పగటి ఎండని రాళ్ళు పట్టి ఉంచుతాయి. కాబర్నే ఆలస్యంగా పండే రకం కాబట్టి ఆ వెచ్చదనం దానికి ప్రాణం. నది కనిపించే తోటే మంచి తోట అని అక్కడివాళ్ళు ఊరికే అనరు. దోర్దోన్ నది అవతల పొమెరోల్‌లో బంకమట్టి చల్లగా ఉంటుంది, అక్కడ ముందే పండే మెర్లోది రాజ్యం. పైగా బోర్డోవాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది. ఈ ఏడు కాబర్నే సరిగ్గా పండకపోతే మెర్లో వాటా పెంచుతారు. అందుకే పేరున్న షాతో సీసా కొంటే మోసపోయే అవకాశం తక్కువ. పైగా లఫీత్ తోటే 250 ఎకరాల పైమాట. సరుకు ఎక్కువ, ఒక సీసాకీ ఇంకో సీసాకీ తేడా రాదు.

ఇక బర్గండీ. లియోన్ నుంచి అక్కడి బోన్ పట్టణానికి కారులో గంటన్నర. నేను ఎక్కువగా ఫిబ్రవరిలో వెళ్తాను. ఆకు ఉండదు, మోళ్ళు మాత్రమే. కత్తిరించిన తీగల్ని చేలోనే చిన్న చక్రాల బండిలో వేసి కాలుస్తుంటారు, ఆ పొగ వాలంతా పాకుతుంటుంది. ఆకుల్లేనప్పుడే నేల కనిపిస్తుంది. వోన్-రొమానే ఊరి వెనక, నడుమెత్తు కూడా లేని రాతి గోడ, దాని మీద ఒక శిలువ. ఆ గోడ లోపలిదే రొమానే-కోంతీ అనే చేను. మొత్తం 1.8 హెక్టార్లు, అంటే నాలుగున్నర ఎకరాలు. దాన్ని ఆనుకుని ఎగువన లా రొమానే, రెండెకరాల చెక్క. అదే ద్రాక్ష, అదే ఎండ, పేరు వేరు, ధర వేరు. మొదటిసారి చూసినప్పుడు, ఇంత చిన్న చేలని సర్వే నంబర్లు వేసినట్టు విడగొట్టి ఇన్ని కోట్లు పలికించడం వ్యాపారపు తెలివి అనుకున్నాను.

తర్వాత రోడ్డు దాకా దిగి వచ్చాక అభిప్రాయం మారింది. వాలు పైభాగంలో మట్టి జానెడు, కింద సున్నపురాయి. నడుమ భాగంలో రాయీ బంకమట్టీ సమపాళ్ళలో ఉంటాయి, గ్రాండ్ క్రూ, అంటే అన్నిటికన్నా పై హోదా ఉన్న చేలు, చాలామటుకు ఆ పట్టీలోనే. కిందికి దిగేకొద్దీ మట్టి లోతు పెరుగుతుంది, బూటు అంటుకుంటుంది, వైన్ హోదా ఊరి పేరు దాకా, ఆపైన మామూలు బుర్గోన్ (బర్గండీకి ఫ్రెంచి పేరు) దాకా తగ్గుతుంది. మన రైతు పల్లపు చేను దొరికితే పండగ చేసుకుంటాడు. ఇక్కడ తలకిందులు. ఈ తేడాల్ని 1098లో మొదలైన సితో మఠం సన్యాసులు తరాల తరబడి చేను చేనుకీ గమనించి గోడలు కట్టారు. ఒక్కో చేనుని క్లిమా అంటారు. 2015లో యునెస్కో గుర్తించినప్పుడు లెక్కకొచ్చినవి 1247. బోర్డోలోలా ఇంకో ద్రాక్ష కలిపి సర్దుకునే వీలు వీళ్ళకి లేదు. వడగళ్ళు పడినా మంచు కరిచినా ఆ ఏడాది సీసాలో అది తెలిసిపోతుంది.

ఇందులో చిక్కు కూడా ఉంది, నాకు అనుభవమే. ఆ సన్యాసులే గోడ కట్టిన క్లో ద వూజో అనే చేను 50 హెక్టార్లు. ఫ్రెంచి విప్లవం తర్వాత చర్చి భూములు అమ్ముడయ్యాయి, వారసత్వంలో పిల్లలందరికీ సమాన వాటాలు రావాలన్న చట్టం వచ్చింది. ముక్కలు ముక్కలై ఇప్పుడు ఆ ఒక్క గోడ లోపల 80 మంది దాకా యజమానులు. ఎగువన రాతినేల, దిగువన రోడ్డు పక్క నీరు నిలిచే బరువు మట్టి. అన్నిటికీ ఒకే హోదా, గ్రాండ్ క్రూ. నా పుట్టినరోజుకి అలాంటి సీసా ఒకటి జీతంలో మంచి భాగమే పెట్టి కొన్నాను. లేబుల్ మీద చేను పేరు చూశాను గానీ చేసినవాడి పేరు ఆరా తీయలేదు. తెరిస్తే నీళ్ళు కలిపిన నేరేడు రసంలా ఉంది. చేను పరువు నమ్మేవాడు కౌలుదారు ఎవరో కూడా అడగాలని ఆ రోజు తెలిసింది.

అయినా నా ఓటు బర్గండీకే. మంచి పినో నోవార్ గ్లాసులో పోసి వెనక పేపర్ పెడితే అక్షరాలు చదవొచ్చు, అంత పలచన. వాసన మొదట చెర్రీ. పదేళ్ళు నిలవున్నదైతే ఇంకోటి వస్తుంది. తొలకరి మట్టివాసన అనాలని నోటిదాకా వస్తుంది గానీ అది కాదు. గడ్డివాము అడుగున తడిసిన గడ్డి లాగితే వచ్చే వాసన, అందులో కొంచెం పుట్టగొడుగు. బోర్డో పాతబడితే పెన్సిల్ చెక్కిన వాసన వస్తుంది, అదీ ఇష్టమే. కానీ పొయాక్ తాగినప్పుడు ఎవరు చేశారో గుర్తొస్తుంది, బర్గండీలోని జెవ్రే-షాంబర్తాన్ ఊరి వైన్ తాగినప్పుడు ఎక్కడ నిలబడ్డానో గుర్తొస్తుంది.

మరి రోన్ లోయ వైన్లు, సిరా ద్రాక్షవీ షాతోనఫ్-దు-పాప్‌వీ, సంగతేంటి అంటారు. బావుంటాయి, మాంసం కాల్చిన రోజు తెరవండి. బోజొలే ప్రాంతపు వైన్ అయితే గ్రానైట్ నేల మీద గామే ద్రాక్ష, ధర తక్కువ. నిజం చెప్పాలంటే మన కారం మటన్ వేపుడు పక్కన నిలబడేది అదొక్కటే. కారానికి బోర్డో వగరు తోడైతే నాలుక మండిపోతుంది.

ఎవరికో బహుమతి ఇవ్వాలి, పేరు చూసి మెచ్చుకోవాలి అంటే మాత్రం బోర్డోనే, బాబాయికి అదే చెప్పాను. అయితే హైదరాబాద్ ఎండల్లో గది ఉష్ణోగ్రత అన్న మాట మర్చిపోవాలి. బోర్డో 18 డిగ్రీలు, బర్గండీ 15, 16. అంటే తాగేముందు ఏదైనా కాసేపు ఫ్రిజ్‌లో ఉండాల్సిందే.

బావకి ఈసారి రెండూ బర్గండీవే కొన్నాను. ఒకే మనిషి చేసినవి, ఒకే ఏడాదివి. ఒకటి జెవ్రే-షాంబర్తాన్ ఊరి పేరు మీద, ఇంకోటి అదే ఊళ్ళో ప్రీమియర్ క్రూ (గ్రాండ్ క్రూ తర్వాతి హోదా) చేను పేరు మీద. ఒకే రాత్రి పక్కపక్కన తెరవమన్నాను. సీసాల్ని మందపాటి సాక్సుల్లోకి దూర్చి, పైన తువ్వాలు చుట్టి, సూట్‌కేసు నడుమ పెట్టాను. ఆ పాఠం అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు ఆవకాయ సీసా దగ్గర నేర్చుకున్నదే.