రైలు మళ్లీ ఆగుతుందని చెప్పి ప్లాట్లు అమ్ముతున్నారు, నమ్మి అడ్వాన్సు కట్టకండి

గుంటూరులో నల్లపాడు దాటి సత్తెనపల్లి వైపు వెళ్తుంటే, ట్రాక్ పక్కన పెద్ద ఆర్చి కట్టి, దాని మీద రైలింజన్ బొమ్మ వేసిన వెంచర్ ఒకటి కనిపిస్తుంది. అటు తిరిగేవాళ్లకు ఏదో తెలిసే ఉంటుంది. పేరు రాయడం లేదు, రాస్తే కేసు వేస్తామని నిన్ననే బెదిరించారు. నిన్న సాయంత్రం ఆ ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక నాకు ముద్ద దిగలేదు, నిద్రా పట్టలేదు. ఇప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర. ఈ వారంలో ఎవరైనా అక్కడ డబ్బు కట్టబోతుంటే ఒక్క రోజు ఆగి ఇది చదవండి.

మాది బ్రాడీపేటలో అద్దె ఇల్లు. నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. సీజన్ టికెట్ మీద రోజూ పోయి వస్తాను. సొంత ఇల్లంటూ కట్టుకుంటే రైలుకు దగ్గర్లోనే కట్టుకోవాలని నా పట్టుదల. మా ఆడపడుచు అత్తవారి తరఫు అబ్బాయి ఈ వెంచర్‌లో ఏజెంటు. 2024 చివర్లో ఇంటికొచ్చి చెప్పాడు, 2025 జనవరిలో రిజిస్ట్రేషన్ అయిపోయింది. 167 గజాలు, గజం 11,000. రోడ్డుకు అవతలి వెంచర్‌లో అప్పుడు గజం 8,500. ఆ తేడా ఎందుకని అడిగితే "హాల్ట్ పక్కనే కదా వదినా" అన్నాడు. హాల్ట్ అంటే పాసింజర్లు ఆగే చిన్న స్టేషన్. గజానికి 2,500 చొప్పున 4,17,500 రూపాయలు. ఆ డబ్బు మేం నేలకు కట్టలేదు, రైలుకు కట్టాం. అందులో మా మామగారి రిటైర్మెంటు డబ్బుంది. నా గాజులున్నాయి.

ఆ హాల్ట్‌లో కరోనాకు ముందు పాసింజర్లు ఆగేవి. 2020 మార్చిలో దేశమంతా రైళ్లు ఆపేశారు కదా. తర్వాత రైళ్లు తిరిగి వచ్చాయి గానీ అక్కడ ఆగలేదు. కొనే ముందు నేను వెళ్లి చూశాను, చూడలేదని అబద్ధం చెప్పను. ప్లాట్‌ఫాం మీద మోకాలెత్తు వయ్యారిభామ మొలిచింది. టికెట్ల గది కిటికీ ఊచకు ఎవరో గేదెను కట్టేశారు. పేరు బోర్డు మీద పసుపు రంగు పెచ్చులు లేచి, తెలుగు అక్షరాల్లో మొదటి రెండే మిగిలాయి. టికెట్లమ్మే కమీషన్ ఏజెంటు ఏమయ్యాడని పక్క చేలో మందు కొడుతున్న పెద్దాయన్ని అడిగితే, "ఎప్పుడో పోయాడమ్మా, గుంటూరులో కూరగాయల బండి పెట్టుకున్నాడు" అన్నాడు. అక్కడితో ఆ బేరం వదిలేసి రావాల్సింది నేను. రాలేదు. ఆ తప్పు నాదే.

ఎందుకు రాలేదంటే, ఆ అబ్బాయి చూపించిన వార్తల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. 2023 ఆగస్టులో గుంటూరు–బీబీనగర్ లైను డబ్లింగ్‌కు, అంటే పక్కన రెండో ట్రాక్ వేయడానికి, కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది, 239 కిలోమీటర్లు. అది నిజం. పాసింజర్ల కనీస ఛార్జీ కరోనా తర్వాత 10 నుంచి 30 రూపాయలు చేసి, 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10 చేశారు. అదీ నిజం. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త లైను, 2,245 కోట్లు, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన, 2024 అక్టోబరులో ఆమోదం. అదీ నిజమే. ఇవన్నీ పేపర్ కటింగులు లామినేషన్ చేయించి ఫైల్లో పెట్టుకుని తిరుగుతాడు. అన్నీ చూపించి చివర్లో ఒక వీడియో పెట్టాడు. ఎన్నికల ప్రచారంలో ఒక నాయకుడు ఆ ఊరి రచ్చబండ దగ్గర నిలబడి "గెలిచిన ఆర్నెల్లలో ఇక్కడ రైలు ఆపిస్తా, మూసిన స్టేషన్ తెరిపిస్తా" అంటున్నాడు. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. మూడు నిజాల పక్కన ఆ నాలుగోది కూర్చునేసరికి నాకు నాలుగూ ఒకటే అనిపించాయి. ఆ మూడింట్లో మా హాల్ట్ ఊసే లేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఆర్నెల్లు పోయాయి, ఏడాది పోయింది. "పై నుంచి ఆర్డరు రావాలి వదినా" అంటూ వచ్చాడు. చివరికి నేనే రైల్వేకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఫీజు 10 రూపాయలు. జవాబు ఇంగ్లిషులో రెండే లైన్లు. ఆ హాల్ట్‌లో రైళ్ల ఆపుదల పునరుద్ధరించే ప్రతిపాదన ఏదీ ప్రస్తుతం పరిశీలనలో లేదు. 10 రూపాయలతో తేలిపోయే సంగతికి నాలుగు లక్షలు పోసుకున్నాను. కొనకముందే ఆ దరఖాస్తు పెట్టి ఉంటే!

ఆ కాగితం పట్టుకుని నిన్న మామగారూ నేనూ వెంచర్ ఆఫీసుకు వెళ్లాం. రిజిస్ట్రేషన్ రోజు ఈ అబ్బాయే మామగారి కాళ్లకు దండం పెట్టి, కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించాడు. నిన్న కూర్చోమని కూడా అనలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. నేను కాగితం ముందు పెట్టాను. చదివాడు, వెనక్కి తోశాడు.

"మేడమ్, రైలు మాదా? రైల్వేవాళ్లను అడగండి."

ఏడాదికి పైగా వదినా వదినా అని నా ఇంట్లో అన్నం తిన్నవాడు మేడమ్ అన్నాడు. నాకు ఒళ్లు చల్లబడిపోయింది. ఆర్నెల్లలో ఆగుతుందని నువ్వే కదయ్యా చెప్పావు అన్నాను. "ఆయన చెప్పింది నేను చెప్పాను. ఓట్లప్పుడు వందంటారు. చదువుకున్నవాళ్లు, మీరు ఎంక్వైరీ చేసుకోవద్దా?" అన్నాడు. మరి గజానికి 2,500 ఎక్కువ ఎందుకు తీసుకున్నారంటే, అది కంపెనీ రేటు, నాకు సంబంధం లేదన్నాడు.

మామగారు ఒక్క మాట అనలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని "పద తల్లీ" అన్నారు. ఇంటికొచ్చే దాకా ఆటోలో ఆ జేబు మీద చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నారు. డబ్బు సంగతి ఎలా ఉన్నా, అది మాత్రం నేను మర్చిపోలేను.

అన్నట్టు అసలు గొడవ అక్కడే జరిగింది. మేం బయటికొస్తుంటే పక్క బల్ల దగ్గర కొత్తగా పెళ్లయిన జంట. వాళ్ల ముందు అవే లామినేషన్ కటింగులు, అదే వీడియో. "అమ్మా, ఆ రైలు రాదు, నా దగ్గర రైల్వే ఇచ్చిన కాగితం ఉంది" అని నేను గట్టిగానే అన్నాను. మేనేజరు లేచి వచ్చి "బయటికి నడవండి, పరువు నష్టం కేసు వేస్తాం" అని తలుపు దాకా తోలినంత పని చేశాడు. ఆ అమ్మాయి నా వైపు చూస్తూనే ఉంది. తను ఇది చదవాలి. అందుకే రాస్తున్నాను.

మా బాబాయి రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. కొనేముందు ఆయన్ని అడగలేదు, రాత్రి ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయి. మూసిన హాల్ట్‌లో రైలు ఆపాలంటే నాయకుడు అడిగితే చాలదు. టికెట్ల రాబడి చూస్తారు. ఇచ్చినా ముందు ఆర్నెల్లు ప్రయోగాత్మకంగా ఇచ్చి, జనం ఎక్కకపోతే తీసేస్తారు. డబ్లింగ్‌కూ స్టాపుకూ సంబంధం లేదు, డబ్లింగ్ ఎక్కువ రైళ్లు వెళ్లడానికి. మూసినవి తెరవరని కాదు. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు, మళ్లీ రైలు నడిచింది 2004లో. ఆ కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది, ఇప్పటికీ గోదావరి దాటలేదు. మన పక్కనే నడికుడి–శ్రీకాళహస్తి 2011–12లో మంజూరైతే ఇంకా ముక్కలు ముక్కలుగా సాగుతోంది. విశాఖ రైల్వే జోన్ సంగతి పరిశీలించాలని 2014 విభజన చట్టంలోనే రాశారు, 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, ఆఫీసుకు శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. "చట్టంలో రాసినదానికే అన్నేళ్లు పడితే, రచ్చబండ మీద చెప్పినదానికి గజానికి 2,500 ఎలా కట్టావే" అని బాబాయి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

కొనేవాళ్లు కనీసం ఇవి చేయండి. స్టేషన్ గురించో లైను గురించో చెప్పి రేటు పెంచితే, రిజిస్ట్రేషన్‌కు ముందే సమాచార హక్కు కింద రైల్వేను అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. లైనయితే, ఏ పనికి ఎంత కేటాయించారో రైల్వే ఏటా రాసే పింక్ బుక్‌లో ఆ ఏడాది ఎంత డబ్బిచ్చారో చూడండి. కొన్ని పనులకు పేరుకు వెయ్యి రూపాయలే రాస్తారు, అది చూసి మంజూరైందని మురిసిపోకండి. రైలు అసలు రాకపోయినా ఆ రేటుకు కొంటారా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. మేం ఆ ఒక్క మాట అనుకోలేదు.

మా వెంచర్‌లో ఇప్పటికే కొన్నవాళ్లకు ఇంకో మాట. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, సెక్షన్ 12 ప్రకారం ప్రకటనలోనో బ్రోషర్‌లోనో తప్పుడు మాట నమ్మి నష్టపోతే పరిహారం అడగొచ్చు, ప్లాటు వద్దనుకుంటే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు. మా బ్రోషర్ రెండో పేజీలో "రైల్వే స్టేషన్‌కు 3 నిమిషాల నడక" అని అచ్చు వేశారు. నా కాపీ బీరువాలో భద్రంగా ఉంది. సోమవారం వకీలు దగ్గరికి వెళ్తున్నాం. మీ దగ్గర బ్రోషర్, ఆ వీడియో, ఏజెంటు పంపిన మెసేజీలు ఏవున్నా డిలీట్ చేయకండి. ఆర్చి మీది బోర్డుకు ఫొటో లేనివాళ్లు ఈరోజే వెళ్లి తీసుకోండి. నిన్న మేం వచ్చేసేటప్పుడు ఇద్దరు కుర్రాళ్లు నిచ్చెన వేసుకుని, ఆ రైలింజన్ బొమ్మ మీద కొత్త ఫ్లెక్సీ కడుతున్నారు.